ఆగితే ఏం పోతుంది? కొత్త సినిమా, కామిక్, సిరీస్‌లలో ఏది ముందు

2025 సెప్టెంబర్ 11, గురువారం రాత్రి మా మేనకోడలు ఫోన్ చేసింది. నిజాంపేటలో హాస్టల్, బీటెక్ రెండో సంవత్సరం. పలకరింపులేమీ లేవు. "మామా, రేపు మూడు రిలీజులు. నా దగ్గర ఒక్కదానికే పైసలున్నయ్. ఏది?"

మూడంటే మిరాయ్, కిష్కింధపురి, జపాన్ బొమ్మల సినిమా డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్. వీటికి తోడు మలయాళం నుంచి వచ్చిన కొత్త లోక అప్పటికే రెండు వారాలుగా ఆడుతోంది. ఒకదాంట్లో అశోకుడి గ్రంథాలు, ఒకదాంట్లో దయ్యం, ఒకదాంట్లో జపాన్ రాక్షసులు, ఇంకోదాంట్లో యక్షి. 1991లో ఆదిత్య 369 వస్తే ఆ ఒక్క టైమ్ మెషీన్‌ని ఏళ్ల తరబడి నెమరేసుకున్న తరం మాది. ఇప్పుడు ఒకే వారంలో నాలుగు. ఇంత ఒక్కసారి వడ్డిస్తే తినడం మాకు అలవాటు లేదు.

ఇలాంటప్పుడు "ఏది బాగుంటుంది" అన్న ప్రశ్న పట్టుకుంటే తేలదు. బాగున్నవన్నీ చూసే టైమూ డబ్బూ చాలామందికి ఉండవు. కాబట్టి కొన్నేళ్లుగా నేను ఇంకో ప్రశ్న వేసుకుంటున్నా: ఆగితే ఏం పోతుంది? కొన్నిటికి ఆగితే సగం పోతుంది. కొన్నిటికి ఏమీ పోదు, పైగా చవగ్గా దొరుకుతాయి. కొన్నిటికి వస్తువు అలాగే ఉంటుంది గానీ దాని గురించి మాట్లాడుకునే మనుషులు వెళ్లిపోతారు. ఈ మూడు రకాల్లో అది ఏదో తేలితే, జేబులో ఎంతుందన్నది రెండో లెక్క.

ఆ శుక్రవారం నాలుగు సినిమాలనీ ఇదే తూకంలో వేశాం.

మిరాయ్ కథ ఇది: కళింగ యుద్ధం తర్వాత అశోకుడు తన దివ్యజ్ఞానాన్ని తొమ్మిది గ్రంథాల్లో దాచి తొమ్మిదిమందికి అప్పగిస్తాడు. వాటి కోసం మంచు మనోజ్ ఒక్కొక్కళ్లనీ చంపుకుంటూ వస్తాడు, తేజ సజ్జా అడ్డుపడతాడు. కథలో కొత్తదనం ఎంత అని అడిగితే, చందమామ చదివినవాళ్లకి పెద్దగా ఏమీ లేదు. గ్రంథం, కాపలా, దుష్ట మాంత్రికుడు, తల్లి త్యాగం, అన్నీ తెలిసిన సరుకే. కానీ దర్శకుడు కార్తీక్ ఘట్టమనేని ఛాయాగ్రహణం నుంచి వచ్చినవాడు. సంపాతి పక్షి రెక్కలు విప్పే ఘట్టం మొత్తం తెర సైజుని లెక్కేసుకుని తీశాడు. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఒక సింగిల్ స్క్రీన్‌లో చూశాను. పక్షి నీడ ముందు కొండ మీద పడుతుంది, తర్వాత గానీ పక్షి కనపడదు. ఆ నీడ పడగానే నా ముందు వరసలో ఒక నాన్న ఒళ్లో పిల్లాణ్ణి ఎత్తి పట్టుకున్నాడు, వాడు చేతిలో పాప్‌కార్న్ వదిలేశాడు. ఈ సినిమా ఓటీటీకి అక్టోబర్ 10కే వచ్చేసింది. ఇంట్లో మళ్లీ వేశా. అదే పక్షి, టీవీలో చూస్తే కోడి. అంటే ఇది ఆగితే సగం పోయే రకం.

కిష్కింధపురి సంగతి వేరు. దయ్యాలు తిరుగుతాయని పేరుపడ్డ చోట్లకి జనాన్ని టూర్ తీసుకెళ్లే జంట ఒకసారి పాడుపడ్డ రేడియో స్టేషన్‌కి వెళ్తుంది. రెండు గంటల పైచిలుకు సినిమా, చెప్పాల్సింది చెప్పి ముగుస్తుంది. దీనికి నేనిచ్చే సలహాకి నా స్నేహితులు ఎవరూ ఒప్పుకోరు: దయ్యం సినిమా ఇంట్లోనే చూడాలి. మన థియేటర్లలో దయ్యం వచ్చినప్పుడల్లా వెనక వరస నుంచి ఎవడో ఒకడు "అక్కా, ఆగక్కా" అంటాడు, హాలంతా నవ్వుతుంది. సరదాగానే ఉంటుంది, కానీ భయం పోతుంది. రేడియో గరగర వినిపించాలంటే రాత్రి పదకొండుకి లైట్లార్పి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాలి. నెల ఆగితే ఓటీటీలోకి వచ్చేసింది. ఆగినందుకు ఏమీ పోలేదు.

డీమన్ స్లేయర్ గురించి గట్టిగా చెప్పా: వద్దే తల్లీ. ఇది మొదటి సినిమా కాదు. 2019 నుంచి సిరీస్‌గా వస్తున్న కథకి చివరి యుద్ధం, అది కూడా మూడు భాగాల్లో మొదటి భాగం. టాంజిరో ఎవరు, చెల్లెలు ఎందుకు రాక్షసి అయింది, అకాజా అనే రాక్షసుడి మీద అతనికి అంత కసి ఎందుకు, ఇవన్నీ వెనకటి సీజన్లలోనే ఉన్నాయి. మొదటి సీజన్ ఒక్కటే 26 ఎపిసోడ్లు. అవి చూడకుండా వెళ్తే, పెళ్లి భోజనానికని వెళ్లి అప్పగింతలప్పుడు హాల్లో అడుగుపెట్టినట్టు ఉంటుంది. అందరూ ఏడుస్తుంటారు, ఎందుకో మనకి తెలీదు.

మిరాయ్‌కి వెళ్లమన్నాను. సరేనంది. శుక్రవారం సాయంత్రం మెసేజ్ పెట్టింది: రూమ్మేట్లందరూ డీమన్ స్లేయర్‌కి వెళ్తుంటే తనూ వెళ్లిందట. "మామా, అకాజా ఫ్లాష్‌బ్యాక్‌లో ఏడ్చిన. ఆయన ఎవరో గూడ తెల్వదు." అంటే అప్పగింతల్లో హాల్లోకి వెళ్లి మా మేనకోడలు కూడా ఏడ్చేసి వచ్చింది. ఆ దసరా సెలవుల్లో మొదటి నుంచీ చూడ్డం మొదలుపెట్టింది. నా తూకంలో "ఎవరితో వెళ్తున్నారు" అన్న రాయి వేయడం మర్చిపోయానని అప్పుడు అర్థమైంది. నలుగురు ఫ్యాన్స్ మధ్య కూర్చుంటే, వాళ్ల ఊపిరి బిగింపు చూసే సగం కథ తెలుస్తుంది. అయినా సలహా మార్చను. ఒంటరిగా వెళ్లేవాళ్లయితే ముందు సీజన్లు చూసే వెళ్లండి.

నేను నిజంగా తప్పుగా తూచింది కొత్త లోకని. ఒక మలయాళం సినిమా, చిన్న బడ్జెట్, ఓటీటీలో చూద్దాంలే అనుకున్నా. కల్లియంకాట్టు నీలి అని కేరళలో తరతరాలుగా చెప్పుకునే యక్షి కథని తీసుకొచ్చి బెంగళూరులో ఒక అపార్ట్‌మెంట్‌లో పెట్టాడు దర్శకుడు డొమినిక్ అరుణ్. ఎదురింట్లో పనీపాటా లేని కుర్రాళ్లు, వాళ్లకి ఎదురుగా రాత్రి మాత్రమే బయటికొచ్చే కల్యాణి ప్రియదర్శన్. అతీత శక్తులున్న స్త్రీని చూపిస్తూ, ఆమెకి ఆ శక్తులు ఎక్కణ్ణుంచి వచ్చాయో మన తాతమ్మలు చెప్పే ధోరణిలో చెప్పడం మన దగ్గర అరుదు. అది ఓటీటీకి వచ్చింది అక్టోబర్ 31న. అంటే రిలీజైన రెండు నెలలకి. ఈలోగా అందులో మధ్యలో వచ్చే అతిథులెవరో నాకు వాట్సాప్ స్టేటస్‌ల్లోనే తెలిసిపోయింది. ఆ ఘట్టం రాగానే హాలు ఎలా అరిచి ఉంటుందో ఊహించుకుంటూ సోఫాలో కూర్చున్నా. తెర చిన్నదైనందుకు కాదు, ఆ అరుపు పోయినందుకు బాధ.

అందుకే సినిమాలకి ఇప్పుడు నేను చూసేవి రెండు. ఒకటి, కంటికి పెద్ద తెర కావాలా? రెండు, ఎవరో ఒకరు వచ్చే ఘట్టం ఉందా? రెండూ లేకపోతే ఆగొచ్చు. ఇంకొక చిన్న లెక్క కూడా ఉంది, అది ఎన్నాళ్లు ఆడుతుందన్నది. 2025 జులై 25న ఫెంటాస్టిక్ ఫోర్, మహావతార్ నరసింహ ఒకే రోజు వచ్చాయి. హాలీవుడ్ సూపర్‌హీరో సినిమాకి మన ఊళ్లో రెండో వారానికే షోలు తగ్గిపోవడం మామూలు. ఇంగ్లిష్ షో కావాలంటే ఇంకా ముందే వెళ్లాలి. బొమ్మల సినిమా నరసింహ మాత్రం నోటిమాట మీద వారాల తరబడి నిలబడింది. పిల్లల్నీ నాయనమ్మల్నీ తీసుకుని మూడో వారంలో తీరిగ్గా వెళ్లినవాళ్లు నాకు తెలుసు. కాబట్టి ముందు త్వరగా పోయేదాన్ని పట్టుకోండి, నిలబడేదాన్ని తర్వాత చూడొచ్చు.

ఏ హాలు, ఏ భాష

ఇక్కడ ఎక్కువ చెప్పను. ప్రసాద్స్‌లో పెద్ద తెరకి ఇప్పుడు పీసీఎక్స్ అని పేరు. ఐమాక్స్ బోర్డు తీసేసి చాలా ఏళ్లయినా, ఆటో అతనికి మాత్రం ఇప్పటికీ "ఐమాక్స్" అంటేనే తెలుస్తుంది. 64 అడుగుల ఎత్తు తెర అది. మధ్యకి ఒకటి రెండు వరసలు వెనక దొరికితేనే తీసుకోండి. ముందు వరసల్లో కూర్చుంటే సంపాతి ఒక రెక్క నుంచి ఇంకో రెక్కకి మెడ తిప్పుకోవాలి. మల్టీప్లెక్స్ టికెట్ మామూలు రోజుల్లో 295 దాకా ఉంటుంది, క్రాస్ రోడ్స్ సింగిల్ స్క్రీన్‌లో 175 చుట్టూ. పెద్ద తెలుగు హీరోల సినిమాలకి మొదటి వారం రేట్లు పెరిగే అవకాశం ఉంటుంది, డబ్బింగ్ సినిమాలకి ఆ బెడద తక్కువ. నిజాంపేట వైపు నుంచి వచ్చేవాళ్లు ఎర్ర లైన్ మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆకుపచ్చ లైన్ మారితే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ స్టేషన్ హాలు ముందే దింపుతుంది.

త్రీడీ, టూడీ రెండూ ఉంటే టూడీ. ఒక మల్టీప్లెక్స్‌లో సగం రాత్రిపూట జరిగే సూపర్‌హీరో సినిమాకి త్రీడీ టికెట్ కొని మోసపోయా. ఆ కళ్లద్దాలు అసలే వెలుతురులో సగం తినేస్తాయి, పైగా ఆ హాల్లో ప్రొజెక్టర్ దీపం కూడా నీరసంగా ఉంది. చివరి పోరాటంలో ఎవరు ఎవర్ని కొట్టారో చప్పుడుని బట్టి ఊహించుకున్నా. బయటికొచ్చి చెబితే "సినిమానే అట్ల తీశిన్రు సార్" అన్నాడు ఒకాయన. ఇంట్లో చూశాక తెలిసింది, అట్ల తీయలేదు.

భాష విషయానికొస్తే, తెలుగు డబ్బింగ్‌ని చులకన చేసేవాళ్లతో నాకు పడదు. అవెంజర్స్ సినిమాల విలన్ థానోస్‌కి రానా, 2024లో వచ్చిన ముఫాసాకి మహేశ్‌బాబు గొంతిచ్చాక ఆ పని స్థాయి పెరిగింది. పాత్రకి బరువు కావాల్సిన చోట తెలుగు బాగా నిలబడుతుంది. జోకుల మీద నడిచే సినిమాకి మాత్రం ఇంగ్లిషే మేలు, ఎందుకంటే అనువాదంలో జోకు పెదవుల కదలికకి సరిపోవాలి, నవ్వూ రావాలి. రెండూ కుదరడం కష్టం. జపాన్ బొమ్మల సినిమాకైతే పక్కన చిన్నపిల్లలుంటే తెలుగు, లేకపోతే జపనీస్.

కామిక్స్: ఆగినవాడే బాగుపడతాడు

సినిమాకి చెప్పిందంతా ఇక్కడ తిరగేయండి.

అమెరికాలో కొత్త కామిక్స్ బుధవారం బుధవారం వస్తాయి. ఒక్కో సంచికలో కథ ఇరవై పేజీల చిల్లర. అయిదు డాలర్ల దగ్గర ధర. పావుగంటలో అయిపోతుంది, మళ్లీ నెల దాకా ఎదురుచూపు. అక్కడివాళ్లకి అదో అలవాటు, పక్కనే షాపు ఉంటుంది కాబట్టి. మనకి ఆ సంచిక చేరేసరికి రవాణా కలిపి ధర ఎక్కడికో పోతుంది. అదే ఆరు సంచికలు కలిపి కుట్టిన పుస్తకం కోసం ఆగితే ఒక్కో కథ ఖర్చు తగ్గుతుంది, చేతిలో గట్టిగా నిలుస్తుంది, మధ్యలో ప్రకటనలు ఉండవు. మీకు తెలిసినవాళ్లలో ఈ కామిక్ చదివేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్లు కూడా ఆ పుస్తకం కోసమే ఆగుతుంటారు. కథ ముందే చెప్పేసేవాడు ఉండడు. ఆగితే ఏమీ పోదు.

ఈమధ్య వచ్చినవాటిలో ఏది మొదలుపెట్టాలన్నదానికి నా దగ్గర రెండు జవాబులున్నాయి. మీ వయసు చెబితే చాలు.

పాతికలోపు అయితే ఆబ్సొల్యూట్ బ్యాట్‌మన్. 2024 అక్టోబర్‌లో మొదలైంది, కథ స్కాట్ స్నైడర్, బొమ్మలు నిక్ డ్రగోటా. ఇందులో బ్రూస్ వేన్ దగ్గర డబ్బు లేదు. పెద్ద బంగళా లేదు, నమ్మిన బంటు లేడు. తండ్రి స్కూలు టీచరు. తల్లి బతికే ఉంది. వాడు నగరపాలక సంస్థలో ఇంజినీరు, కట్టడాలు ఎక్కడ బలహీనంగా ఉంటాయో తెలిసినవాడు. మామూలు బ్యాట్‌మన్ మన జమీందారు సినిమాల హీరో అయితే, వీడు మునిసిపల్ ఆఫీసు మెట్లు ఎక్కి దిగేవాడు. డ్రగోటా వీడి ఒంటిని తలుపు నిండా పట్టేంత వెడల్పు గీశాడు. మొదటి సంచికలో ఒక పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. ఛాతీ మీద గబ్బిలం గుర్తు ఉంటుంది కదా, ఎనభై ఏళ్లకి పైగా అది వట్టి గుర్తే. ఇక్కడ వాడు చెయ్యి వేసి దాన్ని ఊడబీకుతాడు. అది గొడ్డలి తల. పిడి తగిలించి దాంతోనే కొడతాడు. ముసుగు మీద రెండు చెవులు కూడా కత్తులే. డబ్బు లేనివాడి దగ్గర ఏ వస్తువూ అలంకారానికి ఉండదన్న మాటని ఒక్క డైలాగు లేకుండా బొమ్మలో చెప్పేశాడు. మా నాన్న సైకిల్ ట్యూబుని బావి తాడుకీ బీరువా తలుపుకీ వాడిన సంగతి గుర్తొచ్చింది.

పెళ్లయి, పిల్లలుండి, నెలాఖరుకి ఈఎంఐ మెసేజ్ వచ్చేవాళ్లయితే అల్టిమేట్ స్పైడర్‌మన్. 2024 జనవరిలో మొదలై 24 సంచికలకి ముగిసింది. జోనథన్ హిక్‌మన్ రచన, మార్కో కెకెట్టో బొమ్మలు. ఇక్కడ పీటర్ పార్కర్‌ని పదిహేనేళ్లకి సాలీడు కుట్టలేదు. అది జరగాల్సిన వయసు దాటిపోయింది. ఎంజేతో పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, ఉద్యోగం. బెన్ బాబాయి బతికే ఉన్నాడు. అప్పుడొచ్చి ఒకరు అడుగుతారు: నీకు రావాల్సిన జీవితం ఒకటి ఎవరో తీసేసుకున్నారు, ఇప్పుడు కావాలా? ఈ వయసులో ఇలాంటి ప్రశ్న అడిగితే ఏమవుతుందో నాకంటే మా ఆవిడకే బాగా అర్థమైంది. కామిక్స్ ముట్టని మనిషి మొదటి పుస్తకం ఒక్క మధ్యాహ్నంలో చదివేసి, "భార్యకి ముందే చెప్పేశాడు, బుద్ధిమంతుడు" అంది. కథలో నెల గడిస్తే బయటా నెల గడుస్తుంది, ఆ లెక్కలో నడిపారు. అందుకని దీన్ని ఒకే రాత్రి చదవకుండా రోజుకో సంచిక చొప్పున చదవండి. అయిపోయిన కథ కాబట్టి ఆఖరిదాకా ఉంటుందా ఆగిపోతుందా అన్న టెన్షన్ కూడా లేదు. రెండిట్లో ఏది గొప్ప అంటే బొమ్మకి బ్యాట్‌మన్, మాటకి స్పైడర్‌మన్. డబ్బు ఒక్కదానికే ఉంటే నేను స్పైడర్‌మన్ కొంటాను, ఎందుకంటే ఇంట్లో ఇద్దరు చదువుతారు.

మాంగా, అంటే జపాన్ కామిక్స్ అయితే లెక్క మారుతుంది. ఒక్కో పుస్తకం నాలుగైదు వందలకి మన దేశంలోనే దొరుకుతుంది. కానీ ఒకటితో ఆగదు. డీమన్ స్లేయర్ మొత్తం 23 పుస్తకాలు, పదివేలు పెట్టాలి. జపాన్ ప్రచురణ సంస్థ షుఎయిషా వాళ్ల మాంగా ప్లస్ యాప్‌లో మొదటి అధ్యాయాలూ కొత్తగా వచ్చినవీ ఉచితంగా చదవొచ్చు. ముందు అక్కడ రుచి చూసి, నచ్చితే కొనండి. కుడి నుంచి ఎడమకి చదవడం రెండు అధ్యాయాల్లో అలవాటవుతుంది.

ఫోన్లో కామిక్స్ చదవడం నాకు సయించదు. ఒక్కో ప్యానెల్‌గా జరుగుతూ పోతే కథ తెలుస్తుంది గానీ పేజీ తెలీదు. ఆ గొడ్డలి పేజీ రెండు అంగుళాల్లో చూస్తే వట్టి గొడ్డలే. టాబ్ ఉంటే మార్వెల్ అన్‌లిమిటెడ్ లాంటి చందా యాప్‌లు లాభం. కొత్త సంచిక మూడు నెలలు ఆలస్యంగా చేరుతుంది, కానీ మనం ఎలాగూ ఆగేవాళ్లమే కదా.

ఎక్కడ కొనాలి? ఆన్‌లైన్‌లో ఒకసారి తెప్పించుకుంటే జులై వానలో ఒట్టి ప్లాస్టిక్ కవర్లో పంపారు. పుస్తకం మూల చపాతీలా మడతపడింది. వెనక్కి తీసుకోవడానికి పన్నెండు రోజులు, నాలుగు ఫోన్లు. అప్పట్నుంచీ పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీస్తున్నా. వీలైతే డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన దాకా ఆగుతా. చేత్తో పట్టుకుని, కుట్టు చూసి, బేరమాడి కొనొచ్చు. హైటెక్స్‌లో కామిక్ కాన్‌కి వెళ్లాల్సింది పుస్తకాల కోసం కాదు. అక్కడ జనం ఎక్కువ, రేట్లు ఎక్కువ, నడక ఎక్కువ. వేషాలు కట్టినవాళ్లని చూడ్డానికి, మన దేశంలో సొంతంగా అచ్చేసుకుని అమ్ముకునే చిత్రకారులతో మాట్లాడ్డానికి వెళ్లండి. వాళ్ల బల్ల దగ్గర కొన్న పుస్తకం మీద అక్కడికక్కడే బొమ్మ వేసి సంతకం పెట్టి ఇస్తారు, అది ఇంకెక్కడా దొరకదు.

పాతవాటికి ఆబిడ్స్‌ని మించింది లేదు. ఆదివారం పొద్దున షాపుల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పుస్తకాలు. ఇంజినీరింగ్ గైడ్లు, పాత మ్యాగజైన్లు, వాటి కింద ఎక్కడో అమర్ చిత్ర కథ, ఫాంటమ్. పోయిన నెల ఒక గుట్టలో అట్ట లేని అమర్ చిత్ర కథ తెలుగుది ఒకటి దొరికింది. మొదటి పేజీలో నీలం సిరాతో ఎవరో పిల్లాడి పేరు, క్లాసు, సెక్షను. అమ్మే అతను తిరగేసి, అట్ట లేదని తనే గమనించి, "ఇరవై ఇయ్యున్రి" అన్నాడు. పది గంటలలోపు వెళ్లండి. మధ్యాహ్నానికి మంచివన్నీ తెలిసినవాళ్లు ఏరుకుపోతారు.

తెలుగులోనే కొత్త కామిక్ కావాలని అడిగేవాళ్లకి నా దగ్గర సంతోషకరమైన జవాబు లేదు. చందమామలో శంకర్ గారి విక్రమార్కుడు భుజాన శవం వేసుకుని నడిచిన దేశంలో, బుజ్జాయి గారి డుంబు పుట్టిన భాషలో, ఇవాళ నెలనెలా వచ్చే బొమ్మల కథ కోసం వెతుక్కోవాల్సి వస్తోంది. ఆ కన్ను మాత్రం పోలేదు. అది సినిమాలోకి వెళ్లింది. హనుమాన్, కల్కి, మిరాయ్ చూస్తుంటే వాటిలో ఫ్రేములు చందమామ అట్టల్లా అనిపించేది అందుకే.

సిరీస్‌లు: ఆగొచ్చు, కానీ ఒంటరిగా మిగులుతారు

సిరీస్ ఎక్కడికీ పోదు. పోయేది కబుర్లు. స్ట్రేంజర్ థింగ్స్ ఆఖరి సీజన్ మనకి 2025 నవంబర్ 27 పొద్దున ఆరున్నరకి వచ్చింది. ముందు నాలుగు ఎపిసోడ్లు, డిసెంబర్ 26న మూడు, కొత్త సంవత్సరం రోజున చివరిది. మా అమ్మాయి క్లాసులో మధ్యాహ్నం లంచ్‌కే ఎవరు ఏమయ్యారో బయటపడిపోయిందట. ఇలా ఊరంతా ఒకేసారి చూసేవి నాలుగైదే ఉంటాయి ఏడాదికి. వాటికి ఆగకండి, లేదా గ్రూపులన్నీ మ్యూట్ చేయండి.

మిగతావన్నీ ఆగే రకమే. అందులో మొదటి స్థానం ఆండోర్ రెండో సీజన్‌ది. స్టార్ వార్స్ అంటే మెరిసే కత్తులు అనుకునేవాళ్లకి ఇది వేరే వస్తువు. కత్తులు లేవు. ఫైళ్లు, మీటింగులు, ఇన్‌ఫార్మర్లు, ఊరిని ఖాళీ చేయించడానికి ముందుగా పత్రికల్లో ఆ ఊరి మీద బురద చల్లించడం. 12 ఎపిసోడ్లు, వారానికి మూడు చొప్పున వదిలారు. ఒక్కో మూడూ కథలో ఒక్కో ఏడాది. ఇప్పుడు పన్నెండూ ఒకేచోట ఉన్నాయి కదా అని ఒకే శని ఆదివారాల్లో మింగేయొద్దు. మూడు చూసి వారం ఆగితే, కథలో ఏడాది గడిచిందన్నది ఒంటికి తెలుస్తుంది. ఏలియన్: ఎర్త్ ఎనిమిది ఎపిసోడ్లు, పాత భయంకర జంతువు కంటే, పెద్దల రూపంలో ఉన్న కృత్రిమ శరీరాల్లో పెట్టిన పిల్లల మనసుల కథే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. అన్నం తింటూ మాత్రం చూడకండి.

తెలుగులో ఒకటి చెప్పమంటే దూత, కుడి ఎడమైతే మధ్య తేల్చుకోవాలి. రెండూ ఎనిమిదేసి ఎపిసోడ్లు. దూత 2023లో వచ్చింది. విక్రమ్ కుమార్ తీశాడు, నాగచైతన్య పత్రికా సంపాదకుడు. చేతికి దొరికే న్యూస్‌పేపర్ ముక్కల్లో జరగబోయేది ముందే అచ్చయి ఉంటుంది. విశాఖలో జోరున వాన, దాదాపు ప్రతి సీనులో. వాతావరణానికి పూర్తి మార్కులు, చివరి రెండు ఎపిసోడ్లలో వివరణలు ఎక్కువై కాస్త తడిసి బరువెక్కింది. కుడి ఎడమైతే 2021ది. హైదరాబాద్‌లోనే నడుస్తుంది. ఒక మహిళా పోలీసు అధికారి, ఒక డెలివరీ కుర్రాడు, ఇద్దరికీ ఒకే రోజు మళ్లీ మళ్లీ తిరిగొస్తుంటుంది. ఎపిసోడ్లు చిన్నవి, అరగంట అటూఇటూ. రోజూ అదే సిగ్నల్, అదే ట్రాఫిక్, అదే ఆర్డరు ఆలస్యం. ఈ ఊళ్లో రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చేవాళ్లకి టైమ్ లూప్ అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. ఖర్చు తక్కువే, తెలివి ఎక్కువ. నా ఓటు దానికే. డిటెక్టివ్ కథలు ఇష్టమైతే 1970ల తెలంగాణలో నడిచే వికటకవి చూడండి, ఊళ్లో మనుషులకి ఉన్నట్టుండి జ్ఞాపకాలు పోతుంటాయి.

యాప్‌ల ఖర్చు గురించి ఒక్కమాట. అన్నీ ఒకేసారి కట్టకండి. నెలకి ఒకటి కట్టి, అందులో దాచిపెట్టుకున్నవి చూసేసి, ఆపేసి, వచ్చే నెల ఇంకోదానికి వెళ్లండి. ఆగగలిగినవాళ్లకి ఇది హాయి.

మా మేనకోడలు ఆగగలిగే రకం కాదు. డీమన్ స్లేయర్ సీజన్లన్నీ అయ్యాయి, సినిమా రెండోసారి చూసింది, ఈసారి అన్నీ అర్థమై ఇంకా ఎక్కువ ఏడ్చిందట. రెండో భాగం దాకా ఉండలేక మాంగా కొంటానంది. మొత్తం 23 వద్దు, సినిమా ఆగిన చోటు 18వ పుస్తకంలో వస్తుంది, అక్కణ్ణుంచి ఆరు తీసుకో అన్నా. 18లో ముందు భాగం తెరమీద చూసిందే కదా, దాటేయనా అని అడిగింది. దాటొద్దన్నా. సినిమాలో ఆ పోరాటమంతా రంగులూ సంగీతమూ ముంచెత్తుతాయి. కాగితం మీద, ఆ మాంగా గీసిన గొటోగె గీత గరుకుగా, తడబడుతున్నట్టు ఉంటుంది, అకాజా చివరి పేజీల్లో ఆ తడబాటే పనిచేస్తుంది.